ఓటేసి తెచ్చుకున్న వెలుగు

ఫీజులు తగ్గించమని రోడ్డెక్కిన విద్యార్థుల్ని చూశాం. ‘మా ఫీజు కాస్త పెంచండి’ అని పనిగట్టుకుని ఓటేసిన విద్యార్థుల్ని చూశామా? అమెరికాలో పాతికేళ్లుగా చాలా క్యాంపస్‌లలో ఆ ముచ్చట నడుస్తోంది. సెమిస్టర్‌కు తలా కొద్ది డాలర్లు వేసుకుని గాలి కరెంటు కొన్నారు, ఎండ కరెంటు పండించారు. యూనివర్సిటీ యాజమాన్యాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఎండ విలువ ఏమిటో అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ క్యాంపస్ నడిబొడ్డున మారో ప్లాట్స్ అనే చిన్న చేనుంది. 1876 నుంచీ అక్కడ మొక్కజొన్న మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. 1960ల్లో ఆ చేను పక్కనే అండర్‌గ్రాడ్యుయేట్ లైబ్రరీ కట్టాల్సి వచ్చింది. పైకి లేపితే పంట మీద నీడ పడుతుంది. అందుకని లైబ్రరీనే భూమి లోపలికి దించేశారు. 1969లో తెరిచిన ఆ లైబ్రరీలో చదువుకోవాలంటే మెట్లు దిగి వెళ్లాల్సి వచ్చేది.

అదే యూనివర్సిటీకి దక్షిణాన విండ్సర్ రోడ్డు పక్కన, ఫస్ట్ స్ట్రీట్‌కీ రైలు పట్టాలకీ మధ్య మరో చేనుంది. 20.8 ఎకరాలు. అందులో పండేది కరెంటు. వరసలు తీర్చిన సోలార్ ప్యానెళ్లు 18 వేలకు పైనే ఉంటాయి. 2015 చివర్లో పని మొదలుపెట్టిన ఈ 5.87 మెగావాట్ల ప్లాంటు నుంచి ఏడాదికి దాదాపు 78.6 లక్షల యూనిట్లు వస్తాయని లెక్కగట్టారు. నెలకు 200 యూనిట్లు కాల్చే మన ఇళ్లయితే ఇంచుమించు 3,270 ఇళ్లకు సరిపోయే కరెంటు అది.

ఆ ప్లాంటు ఖర్చులో 10.5 లక్షల డాలర్లు విద్యార్థులవి. దాత ఎవరో రాసిన చెక్కు కాదు, తల్లిదండ్రుల విరాళమూ కాదు. సెమిస్టర్ ఫీజుతోపాటు తలా కొంత కట్టుకుంటూ పోగేసిన సొమ్ము. ఆ ఫీజు తమ మీద వేయమని అడిగిందీ వాళ్లే, దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చిందీ వాళ్లే.

ఒక్క డాలరుతో మొదలు

ఈ ఆలోచనకు ఊపు తెచ్చింది రాకీ పర్వతాల పాదాన ఉన్న బౌల్డర్ పట్టణం. అక్కడి కొలరాడో యూనివర్సిటీ విద్యార్థులు 2000లో ఓటింగ్ పెట్టుకుని, గాలి కరెంటు కొనడానికి సెమిస్టర్‌కు ఒక డాలరు అదనంగా కడతామని తీర్మానించారు. ఒక్క డాలరుతో ఏమవుతుందని ఎవరైనా అనొచ్చు. వేల మంది కట్టే చోట ఆ డాలరుకి బలం వస్తుంది. పైగా ఒక చోట నెగ్గిన ఓటు పక్క క్యాంపస్‌కి అంటుకుంటుంది.

అంటుకుంది కూడా. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీలో 2005లో ఓటింగ్ జరిగితే 91 శాతం మంది ‘సరే’ అన్నారు. క్రెడిట్‌కు ఒక డాలరు చొప్పున, క్వార్టర్‌కు 20 డాలర్లు మించకుండా కట్టాలన్నది అక్కడి ఒప్పందం. కాలిఫోర్నియాలో శాంటా బార్బరా విద్యార్థులు 2006లో క్వార్టర్‌కు 2.60 డాలర్లతో ‘గ్రీన్ ఇనీషియేటివ్ ఫండ్’ పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే బర్క్‌లీ విద్యార్థులు సెమిస్టర్‌కు 5 డాలర్లు కట్టేందుకు ఓటేశారు. పర్యావరణ ఉద్యమాలకు పుట్టిళ్లు అనిపించుకున్న ఊళ్లకే ఇది పరిమితం కాలేదు. బొగ్గు కరెంటు రాజ్యమేలిన టెనెసీలోనూ మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు 2006 నుంచి సెమిస్టర్‌కు 8 డాలర్ల ఫీజుకి తలూపారు.

టెక్సస్‌లో మాత్రం విద్యార్థుల ఓటు ఒక్కటే చాల్లేదు. ప్రభుత్వ యూనివర్సిటీలు కొత్త ఫీజు వసూలు చేయాలంటే చట్టం ఒప్పుకోవాలి. దాంతో విద్యార్థులు శాసనసభ గడప తొక్కారు. పర్యావరణ సేవల ఫీజుకి అనుమతిస్తూ 2009లో చట్టం వచ్చింది. ఆ తర్వాతే ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో విద్యార్థులు ఓటేసి సెమిస్టర్‌కు 5 డాలర్ల ‘గ్రీన్ ఫీ’ తెచ్చుకున్నారు. ఐదు డాలర్ల కోసం ఒక రాష్ట్ర చట్టం!

ఇల్లినాయ్ కథ 2003లో మొదలైంది. శుభ్రమైన ఇంధనం కోసం సెమిస్టర్‌కు 2 డాలర్లు కడతామని విద్యార్థులు ఓటేశారు. 2007లో క్యాంపస్ పర్యావరణం కోసమని మరో 5 డాలర్లు కలిపారు. 2010లో ఆ ఐదునే 14కు పెంచుకున్నారు. రెండూ కలిపితే సెమిస్టర్‌కు 16 డాలర్లు. ఏడాదికి పోగయ్యేది దాదాపు 11 లక్షల డాలర్లు.

పేచీ పెట్టే కమిటీ

డబ్బు పోగేయడం తేలికే. దాన్ని ఎవరు ఖర్చు పెడతారన్న దగ్గరే పేచీ. ఊళ్లో గుడికి చందా వేసినవాడు జమాఖర్చుల కాగితం అడిగినట్టు, ఈ విద్యార్థులు కూడా లెక్క తమ చేతిలోనే ఉండాలన్నారు. అలా వచ్చిందే స్టూడెంట్ సస్టైనబిలిటీ కమిటీ. అందులో ప్రొఫెసర్లు, సిబ్బంది ఉంటారు. పెత్తనం మాత్రం విద్యార్థులది.

కమిటీ పని తీరు చూస్తే ముచ్చటేస్తుంది. క్యాంపస్‌లో ఎవరికైనా, విద్యార్థి సంఘానికైనా విభాగాధిపతికైనా, భవనాల నిర్వహణ చూసే ఇంజినీరుకైనా డబ్బు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎంత ఖర్చు, ఎంత కరెంటు ఆదా, విద్యార్థులకు ఏం ఒరుగుతుంది, తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారు... అన్నిటికీ జవాబు రాయాలి. ఇంధనం, రవాణా, నేల-నీరు, ఆహారం-చెత్త ఇలా పంచుకున్న బృందాలు ఆ కాగితాలను నలిపి నలిపి చూస్తాయి. తరగతి గదిలో మార్కులు వేసే ప్రొఫెసర్, ఈ బల్ల ముందు మాత్రం ఇరవై ఏళ్ల పిల్లల ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాలి. ‘ఈ పని మీ శాఖ బడ్జెట్‌తో చేయొచ్చు కదా, మా డబ్బెందుకు?’ అన్నది అలాంటి చోట ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న. చాలా దరఖాస్తుల జాతకం ఆ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

అసలు గుట్టు అక్కడే ఉంది. వేల కోట్ల బడ్జెట్ ఉండే యూనివర్సిటీకి ఏటా 11 లక్షల డాలర్లు పెద్ద సొమ్మేమీ కాదు. దాని విలువ మరో విధంగా ఉంటుంది. ‘సోలార్ పెట్టండి’ అని వినతిపత్రం ఇస్తే పాలకవర్గం చిరునవ్వుతో పుచ్చుకుని సొరుగులో పెడుతుంది. ‘మా వాటా ఇదిగో పది లక్షల డాలర్లు, మీ వాటా ఎంత?’ అని అడిగితే సొరుగు పనికిరాదు. ఏదో ఒక జవాబు చెప్పాల్సిందే.

గాలి కుదరలేదు, ఎండ కుదిరింది

అలాగని అడిగినవన్నీ జరిగిపోయాయని కాదు. ఇల్లినాయ్ విద్యార్థుల మొదటి కల సోలార్ కాదు, గాలిమర. మైదానాల రాష్ట్రం, గాలికి కొదవ లేదు. యూనివర్సిటీకి దక్షిణాన సొంత పొలాలున్నాయి. అక్కడ మూడు పెద్ద టర్బైన్లు నిలబెట్టాలనుకున్నారు. ఏళ్లు గడిచాయి. ఖర్చు పెరిగింది. మూడు కాస్తా ఒకటైంది. ఆ ఒక్కటీ మా ఇళ్లకు దగ్గరవుతుందని చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం చెప్పారు. చివరికి 2011లో ఆ ప్రాజెక్టుకి యూనివర్సిటీ నీళ్లొదిలేసింది.

2003లో రెండు డాలర్లకు ఓటేసిన కుర్రాళ్లు అప్పటికి ఉద్యోగాల్లో స్థిరపడి ఉంటారు. వాళ్లు డబ్బు కట్టింది, తాము ఎప్పటికీ చూడని టర్బైన్‌కి. విద్యార్థుల నిధులకున్న పెద్ద బలహీనత ఇది. కరెంటు ప్రాజెక్టు వయసు పాతికేళ్లు, డిగ్రీ వయసు నాలుగేళ్లు. ఒక బ్యాచ్ కల కంటుంది, రెండో బ్యాచ్ టెండర్లు చదువుతుంది, మూడో బ్యాచ్ రిబ్బన్ కట్ చేస్తుంది. మధ్యలో ఏ బ్యాచ్ ఆసక్తి సన్నగిల్లినా ఫైలు అటకెక్కుతుంది. దీనికి ఇల్లినాయ్ విద్యార్థులు కనిపెట్టిన మందు, కమిటీని యూనివర్సిటీ వ్యవస్థలో భాగం చేసి మనుషులు మారినా పని ఆగకుండా చూసుకోవడం. ఫీజుని కూడా శాశ్వతం చేయలేదు. కొన్నేళ్లకోసారి మళ్లీ విద్యార్థుల ఓటుకి పెడతారు. అంటే కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్ల పని చూపించి ఒప్పించుకోవాలి.

గాలి దగ్గర తగిలిన దెబ్బ సోలార్‌కి పాఠమైంది. ఈసారి ప్లాంటుని యూనివర్సిటీ తానే కట్టలేదు. ఒక కంపెనీతో పదేళ్ల కొనుగోలు ఒప్పందం చేసుకుంది. కంపెనీ తన డబ్బుతో ప్యానెళ్లు పెట్టాలి, వచ్చిన కరెంటుని యూనివర్సిటీ కొనాలి, గడువు తీరాక ప్లాంటు యూనివర్సిటీది కావాలి. విద్యార్థుల నిధి అందులో ఒక ముక్క. ఆ ముక్కతోనే లెక్క కుదిరింది.

2021 జనవరిలో రెండో సోలార్ ప్లాంటు మొదలైంది. ఇది మొదటిదానికి రెట్టింపు పైనే, 54 ఎకరాల్లో 12.32 మెగావాట్లు. రెండు వైపులా వెలుగుని పట్టే ప్యానెళ్లు ఇందులో వాడారు. నేల మీద నుంచి, చలికాలమైతే మంచు మీద నుంచి తిరిగొచ్చే వెలుతురు కూడా కరెంటవుతుంది. ఇక గాలి మాటేమైందంటారా? 2016లో యూనివర్సిటీ ‘రైల్ స్ప్లిటర్’ అనే గాలిమరల క్షేత్రంతో పదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. సొంత పొలంలో తిరగని టర్బైన్ వేరే జిల్లాలో తిరుగుతోంది.

*అంకెల్లో ఇల్లినాయ్*

● 2003: ఇంధన ఫీజుకి ఓటు, సెమిస్టర్‌కు 2 డాలర్లు
● 2007: పర్యావరణ ఫీజు, 5 డాలర్లు
● 2010: ఐదు నుంచి 14 డాలర్లకు పెంపు
● 2011: గాలిమరల ప్రాజెక్టు రద్దు
● 2015: మొదటి సోలార్ ప్లాంటు, 5.87 మెగావాట్లు
● 2016: గాలి కరెంటు కొనుగోలు ఒప్పందం
● 2021: రెండో సోలార్ ప్లాంటు, 12.32 మెగావాట్లు

కరెంటా? కాగితమా?

విద్యార్థుల నిధులన్నీ ప్యానెళ్లయ్యాయనుకుంటే పొరపాటు. తొలి రోజుల్లో చాలా క్యాంపస్‌లు కొన్నది సర్టిఫికెట్లు. ఎక్కడో ఒక గాలిమర వెయ్యి యూనిట్లు పుట్టిస్తే, కరెంటుతోపాటు దానికొక సర్టిఫికెట్ పుడుతుంది. కరెంటు గ్రిడ్‌లో కలిసిపోతుంది, సర్టిఫికెట్‌ని విడిగా అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లు ‘మేం వాడింది హరిత విద్యుత్తే’ అని చెప్పుకోవచ్చు. మన దేశంలోనూ ఇలాంటి సర్టిఫికెట్ల మార్కెట్ ఉంది. ఒక్కో సర్టిఫికెట్ వెయ్యి యూనిట్లకన్న లెక్క ఇక్కడా అదే.

ఇందులో సుఖం ఏమిటంటే తవ్వాల్సిన పునాది లేదు, అభ్యంతరం చెప్పే పొరుగువాడు లేడు. ఓటింగ్ అయిన ఏడాదే క్యాంపస్ ‘నూరు శాతం హరితం’ అని బోర్డు పెట్టుకోవచ్చు. చిక్కు కూడా అందులోనే ఉంది. మనం సర్టిఫికెట్ కొన్నా కొనకపోయినా ఆ గాలిమర తిరిగేదే అయితే, మన డబ్బుతో కొత్తగా తగ్గిన పొగ ఎంత? క్యాంపస్ బాయిలర్ మాత్రం ఎప్పట్లాగే మండుతుంటుంది. ఈ ప్రశ్న విద్యార్థుల్లోనే మొదలైంది. నెమ్మదిగా చాలా నిధులు కాగితాల నుంచి కంటికి కనిపించే పనుల వైపు జరిగాయి.

ఇల్లినాయ్‌లో అలాంటి పని ఒకటి కళ్ల ముందు లేదు, కాళ్ల కింద ఉంది. ఇంజినీరింగ్ విభాగాల మధ్యనున్న బార్డీన్ క్వాడ్ పచ్చిక కింద 40 బోర్లు వేశారు, ఒక్కొక్కటి 450 అడుగుల లోతు. నీళ్ల కోసం కాదు. అంత లోతున ఏడాది పొడవునా నేల వేడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గొట్టాల్లో ద్రవాన్ని తిప్పి, ఎండాకాలం భవనంలోని వేడిని నేలలోకి దింపుతారు, చలికాలం నేలలోని వేడిని పైకి లాగుతారు. 2021లో తెరిచిన తరగతి గదుల భవనం ఒకటి ఈ పద్ధతిలో నడుస్తోంది. బోరు వేస్తే నీళ్లు పడతాయా లేదా అని గుండె చిక్కబట్టుకునే మన రైతుకి, ఏ బోరూ ఫెయిలవని ఈ తవ్వకం వింతగానే ఉంటుంది. దీనికీ విద్యార్థుల కమిటీ సాయం చేసింది.

ఇంకో దారి కూడా ఉంది. కమిటీ కొంత సొమ్ముని తిరిగొచ్చే అప్పుగా ఇస్తుంది. ఒక భవనంలో పాత లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టడానికి డబ్బిస్తారు. దానివల్ల కరెంటు బిల్లు ఎంత తగ్గిందో ఆ మొత్తం మళ్లీ నిధికి కట్టాలి. బాకీ తీరాక అదే డబ్బు ఇంకో భవనానికి వెళ్తుంది. సోలార్‌లాగా ఫొటోలకు పనికొచ్చే పని కాదిది. కానీ ఒకే డాలరు నాలుగు చోట్ల పనిచేస్తుంది.

చేదు నిజాలు

ఈ కథలో మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో, నిలదీయాల్సినవీ అన్ని ఉన్నాయి.

మొదటిది, వాటా. అంత సంబరంగా మొదలైన తొలి సోలార్ ప్లాంటు తీర్చేది ఆ క్యాంపస్ కరెంటు అవసరాల్లో సుమారు 2 శాతం. ప్రయోగశాలలు, కంప్యూటర్లు, హాస్టళ్లు, చలికాలంలో వెచ్చదనం... ఒక పెద్ద యూనివర్సిటీ ఆకలి చిన్న పట్టణం ఆకలికి తీసిపోదు. 1940ల నుంచి నడుస్తున్న సొంత పవర్ ప్లాంటు ఇప్పటికీ ఆ క్యాంపస్‌కి గుండెకాయే. 2050 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నా చేస్తామని యూనివర్సిటీ మాటిచ్చింది. ఆ మాట విద్యార్థుల చందాలతో తీరేది కాదు.

రెండోది, న్యాయం. కరెంటు ఎలా కొనాలన్నది యజమాని బాధ్యత. ఆ భారాన్ని ఇప్పటికే చదువు అప్పుల్లో మునిగిన పిల్లల మీద పెట్టడం ఏమిటన్న విమర్శ ప్రతి ఓటింగ్‌లోనూ వినిపిస్తుంది. తీసిపారేయాల్సిన మాట కాదది. కాలిఫోర్నియా క్యాంపస్‌లలో ఇలాంటి ఫీజుల్లో ఒక వాటాని పేద విద్యార్థుల ఆర్థిక సాయానికి మళ్లించే పద్ధతి పెట్టింది అందుకే.

మూడోది, ఓటు. విద్యార్థి ఎన్నికల్లో పోలింగ్ ఎక్కడైనా అంతంతమాత్రమే. ఓటేసినవాళ్లలో మెజారిటీ అంటే విద్యార్థులందరిలో మెజారిటీ అని కాదు. తన జేబులోంచి పోయే డబ్బు సంగతి ఫీజు రసీదు చూసుకున్నాక తెలిసేవాళ్లూ ఉంటారు. మాస్టర్స్ కోసం హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో విమానమెక్కిన మన పిల్లలూ అందులో ఉంటారు. ట్యూషన్ ఫీజు, బీమా, బస్సు పాసుల వరసలో ఒక మూల కనిపించే ఆ కొద్ది డాలర్లు ఏమిటో అడిగి తెలుసుకునేవాళ్లు ఎందరు? తెలుసుకుంటే ఆ కమిటీలో వాళ్లూ పోటీపడొచ్చు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు కట్టినవాళ్లందరిదీ ఆ నిధి.

మన క్యాంపస్‌ల మాట

ఇదంతా చదివాక ‘మన దగ్గరా పెడితే పోలా’ అనిపించడం సహజం. యథాతథంగా దింపేస్తే కుదరదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద సాగుతోంది. బకాయిలు రాక కాలేజీలు, సర్టిఫికెట్లు చేతికి రాక విద్యార్థులు అవస్థ పడుతున్న చోట, హరిత ఫీజు అనే కొత్త మాట ఎత్తితే రాళ్లు పడతాయి. పడాలి కూడా. ఎండకి మాత్రం మనకి లోటు లేదు. ఇల్లినాయ్‌లో నెలల తరబడి మబ్బూ మంచూ ఉంటాయి, అనంతపురంలో ఆ బాధే లేదు. పెట్టుబడి కూడా పెద్ద అడ్డంకి కాదు. కంపెనీ తన ఖర్చుతో ప్యానెళ్లు పెట్టి, యూనిట్‌కి ఇంతని పాతికేళ్లపాటు వసూలు చేసుకునే పద్ధతి మన దగ్గర బాగానే పాతుకుపోయింది. ఇల్లినాయ్ చేసుకున్నదీ ఆ తరహా ఒప్పందమే.

మన దగ్గర లేనిది మరొకటి. ఈ నిధులన్నీ పుట్టింది విద్యార్థుల ఓటు నుంచి. ఓటింగ్ జరిపేది విద్యార్థి ప్రభుత్వం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో ఆగిపోయిన విద్యార్థి సంఘ ఎన్నికలు, రాష్ట్రం రెండయ్యాక కూడా రాష్ట్ర యూనివర్సిటీల్లో మళ్లీ మొదలవలేదు. విద్యార్థుల తరఫున సంతకం పెట్టగలిగే మనిషే లేకపోతే నిధి ఎవరి పేరు మీద పెట్టాలి?

కేంద్ర విశ్వవిద్యాలయమైన హైదరాబాద్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతాయి, ఎన్నికైన సంఘం ఉంటుంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేత మొదలైనప్పుడు అక్కడి విద్యార్థులు ఎలా నిలబడ్డారో దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపించింది. చెట్టు కోసం అంత గట్టిగా అడ్డం తిరగగల విద్యార్థులకు, తమ క్యాంపస్ కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, నెల బిల్లు ఎంత, మేడల మీద ఎంత చోటు ఖాళీగా ఉంది అని అడిగే వేదిక కూడా ఉండాలి. వద్దనడానికి ఉద్యమం సరిపోతుంది. కావాలనడానికి కమిటీ, కాగితాలు, ఓపిక కావాలి.

కాబట్టి ఇల్లినాయ్ నుంచి తెచ్చుకోవాల్సింది ఫీజు కాదు. ఆ ఫీజుతో వాళ్లు సంపాదించుకున్న స్థానం. దానికి మన విద్యార్థులు రూపాయి కట్టక్కర్లేదు. ప్రతి నెలా క్యాంపస్ కరెంటు బిల్లుని నోటీసు బోర్డులో పెట్టడం మొదటి మెట్టు. ఏ హాస్టల్ ఎంత కాల్చిందో విడివిడిగా మీటర్లు పెట్టి చూడటం రెండోది. ఇంజినీరింగ్ పిల్లల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో ఏటా ఎన్నో అచ్చయి అల్మరాల్లో చేరుతుంటాయి, వాటిలో కొన్నింటికి సొంత కాలేజీ మేడే ప్రయోగశాల కావొచ్చు. పాతికేళ్ల సోలార్ ఒప్పందం మీద రిజిస్ట్రార్ సంతకం పెట్టే ముందు, ఆ కాగితాన్ని విద్యార్థులూ ఉన్న కమిటీ ముందు ఉంచడం చివరి మెట్టు. యూనిట్ ధర ఏటా ఎంత పెరుగుతుంది, ప్యానెళ్లు దుమ్ము పట్టి పనిచేయకపోతే నష్టం ఎవరిది అన్న రెండు ప్రశ్నలు వేసినా చాలు. ఒప్పందం తీరు మారుతుంది.

బౌల్డర్ విద్యార్థులకు ఆ స్థానం డాలరు ఓటుతో దక్కింది. మన యూనివర్సిటీలు దాన్ని ఉచితంగానే ఇవ్వొచ్చు. అయితే అడగనిదే ఏ పాలకవర్గమూ కుర్చీ వేయదు. బౌల్డర్‌లోనైనా వరంగల్‌లోనైనా ముందు అడగాల్సింది విద్యార్థులే.